హాలెండు దేశములో పొత్తిళ్ళ బిడ్డలు

హాలెండు నీటితో బేరమాడి సంపాదించుకొన్న దేశము. అచ్చటి నేలలో సుమారు నాలుగవవంతు సముద్రమట్టమునకు దిగువగా నున్నది. గట్లును, కాలువలును, లాకులును, నీరు తోడు యంత్రములును లేనిచో నేడు ఆవులు మేయుచున్న పచ్చికబయళ్ళు కొలదికాలములోనే మడుగులగును. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన నావంటిదానికి ఆ దేశము పూర్తిగా పరదేశమువలె దోచలేదు. కాలువగట్టున బాట, బాటప్రక్క పొలము, లాకు తలుపులవద్ద నిలిచిన పడవ, వంతెనమీద చేతులానించి నీటిలోనికి జూచుచున్న ముసలివాడు, ఇవన్నియు మాయూరి చిత్రములే. భేదమొక్కటే. మనము పొలమునకు నీరు తెచ్చుకొనుటకు కాలువలు త్రవ్వుకొంటిమి. వారు పొలమునుండి నీటిని వెడలగొట్టుటకు త్రవ్వుకొనిరి. నీరు ఇటు జానెడు హెచ్చినను, అటు జానెడు తగ్గినను ముప్పేయని తరతరములుగా నెరిగిన ప్రజలు వారు. నేను వ్రాయబోవు విషయము నీటిమట్టమును గురించినదే; కాని యది కాలువనీరు కాదు, తల్లికడుపులోని నీరు.

మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. గడచిన వేసవి సెలవులలో మేమిరువురమును ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు ఆనుకొనియున్న ఆమ్‌స్టెల్వీన్ పట్టణమునకు బోయితిమి. అచ్చట నా తమ్ముడు కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ యూర మన దేశస్థులు పెక్కుమంది గలరు. అంగడికి బోయినచో కందిపప్పు, కరివేపాకు దొరకుటయేగాక తెలుగుమాటయు వినబడును. మా మరదలు అప్పటికి నాలుగు నెలలు నిండిన గర్భవతి. కవలలని పండ్రెండవ వారమునందే స్కానింగులో తెలిసినది. ఆమె పుట్టినింటివారు వచ్చుటకు ఇంకను కొంతకాలము పట్టును, అంతవరకు తోడుండుమని తమ్ముడు కోరెను. దేశము చూచినట్లును, ఆమెకు తోడ్పడినట్లును నగునని బయలుదేరితిమి. మేము పోవుసరికి తులిపుపూల కాలము గడచిపోయినది. ఐనను ఆ దేశమున జూడదగినవి పూలొక్కటే కావు.

మొదటి ఆదివారమున తమ్ముడు మమ్ములను మౌడెన్ అను చిన్నయూరికి గొనిపోయెను. అది ఆమ్‌స్టర్‌డామ్‌నకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, వెఖ్ట్ నది పూర్వము సముద్రపుపాయలో గలిసిన చోట నున్నది. 1932లో పెద్ద గట్టుగట్టి యా పాయను సముద్రమునుండి వేరుచేసిరి. నేడచ్చట నున్నది మంచినీటి సరస్సు. ఊరి నడుమ నదికి లాకు గలదు. ఆ లాకు దాటి కొంచెము నడచినచో, నాలుగువైపుల నీటికందకముతో, గుండ్రని బురుజులతో నొక యెఱ్ఱయిటుకల కోట కానబడును. దానిని 1285 ప్రాంతమున ఐదవ ఫ్లోరిస్ అను ప్రభువు కట్టించెను. 1296లో సామంతులు కొందరు పగబూని యాతనిని పట్టి చంపిరి. కోటయు పడగొట్టబడినది. పిమ్మట నూరేండ్లలోపల నదే పునాదిమీద మరల గట్టబడినది. 1609 మొదలు 39 సంవత్సరములు హూఫ్ట్ అను కవి యా కోటలో అధికారిగా నుండెను. ఆయన యొద్దకు కవులు, గాయకులు వచ్చి గోష్ఠి జరుపుచుండిరి. వారిలో మరియా టెసెల్‌స్కాడె అను విదుషి యొకతె. ఆమె కవిత్వము చెప్పును, పాడును, గాజుపాత్రలమీద అక్షరములు చెక్కును. ఆమె పుట్టుటకు మూడు నెలలు ముందు టెసెల్ దీవియొద్ద తుపానువచ్చి తండ్రి యోడలు మునిగెనట. ఆ నష్టమునకు గుర్తుగా బిడ్డకు ‘టెసెల్ నష్టము’ అని పేరిడెను! మనలోనైనచో ఆ పిల్లను నష్టజాతకురాలని దూరముంచియుందురు. ఆ తండ్రి యామెకు ఇటాలియను భాషయు, చిత్రలేఖనమును నేర్పించెను.

ఆ కోటలో నొక పటము నన్ను నిలువబెట్టినది. అది 1617లో వ్రాసినది. చిత్రకారుని పేరు తెలియదు. దానిని డచ్చివారు ‘పొత్తిళ్ళ బిడ్డలు’ అని పిలుచుచున్నారు. ఆనాటి ఆమ్‌స్టర్‌డామ్ నగరపెద్ద యొకని బిడ్డలని చెప్పుదురు. ఇద్దరు పసికందులు, ఒక్కపోలికవారు, అంచులు కుట్టిన నిండు పొత్తిళ్ళలో ప్రక్కప్రక్కన నున్నారు. బట్టలు ఒక్కటే, టోపీలు ఒక్కటే, ముక్కు చెవి తీరు ఒక్కటే. రంగుమాత్రము వేరు. ఒకబిడ్డ మొగము కందిపోయినట్లు ఎఱ్ఱగా నున్నది. రెండవబిడ్డ మొగము నెత్తురుచుక్క లేనట్లు పాలిపోయియున్నది. చూచువారు చిత్రకారుడు రంగులు తప్పుగా గలిపెననుకొని ముందుకు సాగిపోవుచుండిరి. నేను కదలలేకపోయితిని. మా పెద్దమ్మ జ్ఞప్తికి వచ్చినది.

మా అమ్మ తోబుట్టువైన మా పెద్దమ్మకు సుమారు యాభై యేండ్లక్రిందట, పల్లెటూర, ఆరవనెలలో కడుపు ఒక్కసారిగా కుండవలె నుబ్బినది. కూర్చున్నచో ఊపిరాడదు, పండుకొన్నచో నంతకంటె నాడదు. పదిదినములలో నొప్పులు వచ్చి కవలలు పుట్టిరి. ఇద్దరును ఆ పూటయే పోయిరి. ఒకబిడ్డ మందారమొగ్గవలె నెఱ్ఱగా, ఒకబిడ్డ పిండిబొమ్మవలె తెల్లగా నుండిరని మంత్రసాని చెప్పినదట. ఏమి కారణమని విచారించి యింటిపెద్దలు తేల్చినదేమన, ఆమె జంట అరటిపండు తినినదని! జంటపండు తినుటచే కవలలును, పెద్దలమాట వినకపోవుటచే నష్టమును గలిగినవని అత్తవారింట నిర్ణయమైనది. ఆమె నాటినుండి నేటివరకు అరటిపండు ముట్టలేదు. ఇంట నెవరు నీళ్ళోసుకొన్నను, తాంబూలములోని పండ్లను ఒక్కొక్కటిగా విడదీసి చూచి మరి యిచ్చును. ఈ కథ మా యింట నందరికిని తెలియును గాని, దానినిగురించి ఎవ్వరును మాటాడరు. మూడుసముద్రముల కావల, నాలుగువందల యేండ్లనాటి పటములో ఆ బిడ్డలనే చూచినట్లు నాకు దోచినది. మరదలు ప్రక్కనే యుండుటచే ఏమియు ననక కందకముమీది వంతెనవైపు నడచితిని.

మా మరదలికి రెండువారముల కొకసారి స్కానింగు చేయుచుండిరి. ఒక్కబిడ్డను మోయువారికి ఇన్నిసార్లు చేయరు గదా యని నేనడుగగా, “ఇద్దరికీ మావి ఒక్కటేనట వదినా, అందుకని” అని యామె చెప్పినది. పందొమ్మిదవవారమున చేసిన స్కానింగులో ఒకబిడ్డచుట్టు నీరు చాల హెచ్చినదనియు, రెండవబిడ్డచుట్టు దాదాపు లేదనియు తేలినది. ఆ సాయంకాలమునకే లైడెన్ నగరమునందలి విశ్వవిద్యాలయ వైద్యశాలకు కబురుపోయినది. ఆ దేశమంతటికిని గర్భస్థశిశువుల శస్త్రచికిత్సకు అదియే కేంద్రము. మరునాడు ఉదయమున మేము నలుగురమును రైలెక్కితిమి.

లైడెన్ స్టేషనులో దిగి వెనుకవైపు బయటికి వచ్చినచో వైద్యశాల ఎదుటనే యున్నది. అచ్చటి వైద్యురాలు మరదలి ప్రక్కన కూర్చుండి, తెల్లకాగితముమీద బొమ్మ గీయుచు, తొందరలేక చెప్పినది. తమ్ముడు మాకు తెలుగున విప్పి చెప్పెను. నేను గ్రహించినది సోదరీమణులకు తెల్పెదను.

ఒకే పిండము రెండుగా చీలినందున ఒక్కపోలికగల కవలలు పుట్టుదురు. ఆ చీలిక మొదటి మూడుదినములలో జరిగినచో ఇద్దరికిని వేర్వేరు మావులేర్పడును. నాలుగవదినము మొదలు ఎనిమిదవదినములోపల జరిగినచో ఉమ్మనీటిసంచులు రెండైనను మావి యొక్కటే యగును. ఒక్కపోలిక కవలలలో సుమారు మూడింట రెండువంతులవారు ఇట్లు మావిని పంచుకొన్నవారే. ఇద్దరి బొడ్డుత్రాళ్ళనుండి వచ్చు రక్తనాళములు ఆ యొక్క మావిమీద చెట్టువేళ్ళవలె పరచుకొని, అందందు ఒకరివి ఒకరివానితో గలియును. ఈ కలయికలు ఇంచుమించు అట్టి కవలలందరికిని ఉండును. ఇటునుండి అటు, అటునుండి ఇటు రాకపోకలు సరిపోయినంతకాలము బాధలేదు. నూటికి పదిమంది మొదలు పదునైదుగురి విషయములో మాత్రము ప్రవాహము ఒకవైపునకే మొగ్గును. రెండు చేలనడుమ గట్టుకు గండిపడి, మెరకచేనినీరు పల్లపుచేనిలోనికి రేయింబవళ్ళు పారుచున్నట్లు ఒకబిడ్డ రక్తము రెండవబిడ్డలోనికి పోవుచుండును.

ఇచ్చుచున్న బిడ్డకు రక్తము చాలక మూత్రము తగ్గును. ఉమ్మనీటిలో నెక్కువభాగము బిడ్డ మూత్రమే యగుటచే సంచిలో నీరింకి, పొర తడిబట్టవలె బిడ్డను చుట్టుకొనిపోవును. పుచ్చుకొను బిడ్డయైనను సుఖపడునా యన్నచో, అదియు లేదు. వచ్చిపడిన రక్తమును నెట్టలేక దాని గుండె యలసిపోవును; మూత్రము హెచ్చి సంచి యుబ్బును; తల్లికి ఊపిరాడదు; నెలలు నిండకముందే నొప్పులు వచ్చును. పేదబిడ్డయు, సంపన్నబిడ్డయు కలసియే మునుగుదురు. నడుమ కాలములో నిది తీవ్రముగా వచ్చి చికిత్స లేకపోయినచో నూటికి ఎనుబదిమందికి పైగా బిడ్డలు దక్కరు. దీనికి ‘ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోము’ అని పేరు. కవలలనడుమ రక్తము పారు వ్యాధియని మనము చెప్పుకొనవచ్చును. జర్మనీదేశపు ప్రసూతివైద్యుడు ఫ్రీడ్రిష్ షాట్స్ 1875 మొదలుగా మావులను పరిశీలించి, ఇద్దరు బిడ్డల రక్తప్రసారములు గాక వారి నడుమ ‘మూడవ రక్తప్రసారము’ గలదని వ్రాసెను. కారణము తెలిసినను చేయగలిగినది చాలకాలమువరకు లేదు. హెచ్చిన నీటిని సూదితో తీసివేయుచుండిరి. గండి యట్లేయుండుటచే నీరు మరల చేరుచుండెను.

వైద్యురాలు చెప్పి ముగించినపిమ్మట మరదలు ఒక్కప్రశ్న యడిగినది: “నేనేం చేసినందుకు ఇలా అయింది?” తమ్ముడు దానిని భాషాంతరీకరించుటకు తడబడెను. కాని వైద్యురాలు ప్రశ్నను ముందే యెరిగినట్లు తల యడ్డముగా నూపి, “నీ తిండి కాదు, నీ నడక కాదు, నీ మనస్సు కాదు. బిడ్డలు ఆవగింజంతైనను కాకముందు, నీవు గర్భవతివని నీకే తెలియకముందు, మావి యెట్లేర్పడవలయునో నిర్ణయమైనది” అని చెప్పినది. ప్రతిదినమును ఏదో యొక తల్లి యా ప్రశ్న యడుగుచునే యుండునట.

లేజరు కిరణముతో ఆ కలయికలను మాడ్చి మూయుటయే చికిత్స. 1988లో అమెరికాలోని యూటాలో జూలియన్ డిలియా అను వైద్యుడు దీనిని మొదట చేసెను. అప్పుడు పొట్టకోసి చేయవలసి వచ్చెను. 1992 ప్రాంతమున లండనులో కిప్రోస్ నికొలాయిడిస్, ఈవ్ విల్ అను వైద్యులు సన్నని గొట్టముద్వారా, ఆ చోటుమాత్రము మొద్దుబారు మందిచ్చి చేయు పద్ధతిని తెచ్చిరి. లైడెన్‌లో 2000లో నారంభమైనది. నీరు తీయుట మేలా, లేజరు మేలా యను ప్రశ్నకు 142 మంది తల్లులతో జరిపిన పరీక్షయొక్క ఫలితము 2004లో వెలువడినది. కనీసమొక బిడ్డ పుట్టి 28 దినములు బ్రతికిన తల్లులు లేజరుపక్షమున నూటికి 76 మంది, నీరు తీసిన పక్షమున 56 మంది. భేదము స్పష్టమగుటచే పరీక్షను ముందుగానే ఆపివేసిరి.

మరునాటి ఉదయమున చికిత్స జరిగినది. తమ్ముడు లోపల నామె ప్రక్కన నుండెను. మేము వెలుపల కూర్చుంటిమి. సుమారు గంటకాలము. మావారు చేతనున్న పుస్తకమును ఒక్కపుటయు త్రిప్పలేదు. లోపల జరిగినది పిమ్మట మరదలే చెప్పినది. ఆమెకు మత్తు ఈయలేదు, మెలకువగనే యున్నది. పొట్టమీద చిన్న గాటుపెట్టి, సుమారు మూడు మిల్లీమీటర్ల లావుగల గొట్టమును లోనికి పంపిరి. దానికొనను చిన్నదీపమును, కన్నును ఉండును. లోపలిది యంతయు తెరమీద కానబడును. మావిమీద ముదురురంగు ధమనులును, ఎఱ్ఱని సిరలును పాకియున్నవట. గర్భములోని బిడ్డ కిది మనకు తారుమారు. దాని ధమనులలో నలుపెక్కిన రక్తము, సిరలలో మంచిరక్తము పారును. ఎవరినాళము ఎవరిదానితో గలియుచున్నదో ఆ దారివెంట వెదకి, ఒక్కొక్క కలయికమీద కిరణమును నిలిపిరి. ఆ చోటు తెల్లబడి మూసికొనిపోయినది. “మధ్యలో ఒక చెయ్యి వచ్చి ఆ దీపాన్ని పట్టుకోబోయింది వదినా, అయిదు వేళ్ళూ కనిపించాయి” అని చెప్పి యామె నవ్వినది, ఏడ్చినది. ఉత్తరగర్భములో తల్లడిల్లుచున్న పరీక్షిత్తునకు బొటనవ్రేలంత రూపుతో స్వామి గదద్రిప్పుచు గానవచ్చెనని భాగవతము చెప్పగా చిన్ననాట విని, కడుపులోనికి పోయి కాపాడుట దేవునికే చెల్లుననుకొంటిని.

కలయికలను ఒక్కొక్కటిగా మూసినతోనే పని పూర్తికాదట. కంటికానని సన్ననివి మిగిలిపోవచ్చును. అందుచే మూసిన చుక్కలనన్నిటిని కలుపుచు మావిమీద ఈ యంచునుండి ఆ యంచువరకు కిరణముతో నొకగీత గీయుదురు. అప్పుడు ఒక మావి రెండు మావులవలె నగును. లైడెన్ వైద్యులును, మరి నాలుగు ఐరోపా కేంద్రములవారును 274 మంది తల్లులతో ఈ పద్ధతిని పరీక్షించి 2014లో ప్రకటించిరి. వ్యాధి మరల వచ్చుట నూటికి 7 నుండి 1కి తగ్గినది. దీనికి ‘సాలమన్ పద్ధతి’ అని పేరు. ఒక బిడ్డకై ఇద్దరు స్త్రీలు తగవులాడగా బిడ్డను రెండుగా నరుకుడని చెప్పి నిజమైనతల్లిని కనుగొన్న రాజు సాలమను. నాకు మాత్రము జరాసంధుడు జ్ఞప్తికి వచ్చెను. ఇద్దరు తల్లులకు పుట్టిన రెండు వ్రయ్యలను జర కలిపి యొక ప్రాణముగా జేసినది. ఇచ్చట ఒక్కటిగా నున్నదానిని విడదీసి రెండు ప్రాణములను నిలుపుచున్నారు.

చికిత్స ముగిసినపిమ్మట హెచ్చునీటిని తీసివేసిరి. మరునాటి స్కానింగులో రెండు గుండెలును కొట్టుకొనుచుండెను. ఆ దినమున తమ్ముని ఆమెయొద్ద నుంచి, మావారును నేనును నగరములోనికి బోయితిమి.

లైడెన్ కాలువలనడుమ నున్న విద్యానగరము. శత్రువుల ముట్టడినుండి 1574 అక్టోబరు 3న బయటపడినది. మరుసటి సంవత్సరముననే విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. ఇండ్లగోడలమీద నూటికి పైగా పద్యములను, పలుదేశముల లిపులలో, నిలువెత్తున వ్రాసియుంచిరి. వీథిలో నడచుచు పద్యములు చదువుకొనుట మావారికి మిక్కిలి సంతోషము కలిగించినది. 1590లో నేర్పడిన వైద్యమూలికలతోట యిప్పటికిని గలదు. హాలెండు దేశపు మొదటి తులిపులు 1594లో నచ్చటనే పూచినవట. బోయర్‌హావె పేరిట నున్న ప్రదర్శనశాలలో పూర్వపు శవపరీక్షామందిరమును మెట్లుమెట్లుగా మరల నిర్మించి యుంచిరి.

అచ్చట ఫ్రెడెరిక్ రౌష్ అను నాతని ప్రస్తావన వచ్చినది. ఆయన లైడెన్‌లో చదివి, ఆమ్‌స్టర్‌డామ్‌లో మంత్రసానులకు శిక్షణనిచ్చిన వైద్యుడు. రక్తనాళములలోనికి రంగుమైనమును ఎక్కించి, వెండ్రుకవంటి నాళమునైనను కంటికి గనుపింపజేయు విద్యలో నాతనికి సాటిలేదు. ఆయన సేకరించినవానిని 1717లో రష్యాచక్రవర్తి మొదటి పీటరు కొనుకొనెను. ఆయన కుమార్తె రాచెల్ పదిమంది బిడ్డలను గని, ఎనుబదియేండ్లు దాటువరకు పూలచిత్రములు వ్రాసిన ప్రఖ్యాత చిత్రకారిణి. రౌష్ చనిపోయి మూడువందల యేండ్లు కావచ్చినది. నేడును లైడెన్ వైద్యశాలలో, పురుడైనపిమ్మట కవలల మావిని పారవేయక, దాని నాళములలోనికి నాలుగురంగుల ద్రవములను ఎక్కించి చూచుచున్నారు. ఏ కలయిక మూసికొన్నదో, ఏది మిగిలినదో ఆ రంగులు చెప్పును. మనయిండ్లలో చాటున పాతిపెట్టి చేతులు కడుగుకొను మావి, అచ్చట తరువాతి తల్లికి పాఠము చెప్పుచున్నది.

సాయంకాలమున వైద్యురాలు వచ్చినప్పుడు మౌడెన్ కోటలోని పటమునుగూర్చి యడిగితిని. ఈ వ్యాధిని చూచు వైద్యులలో నా పటము ప్రసిద్ధమట. ఒకరు రక్తహీనులై ఒకరు రక్తాధికులై పుట్టు కవలలకు అవి గుర్తులు కావచ్చునని పలువురు వ్రాసిరి. ఉమ్మనీటిలో భేదము లేకయే, సన్ననాళములగుండ రక్తము మెల్లగా పారి, ఒకబిడ్డ పాలిపోయి ఒకబిడ్డ కందిపోవు వేరొకరూపము గలదు. దానికి 2007లో లైడెన్ వైద్యులే పేరుపెట్టిరి. ఐతే నాలుగువందల యేండ్లనాటి రంగులనుబట్టి నిశ్చయముగా చెప్పరాదని యామె హెచ్చరించినది.

జూను నెలలో మేము తిరిగివచ్చితిమి. మరదలికి 33వ వారమున ఇద్దరాడపిల్లలు పుట్టిరి. బరువు తక్కువగుటచే కొన్నివారములు వైద్యశాలలో నుంచి యింటికి పంపిరి. అందరకును ఇట్లే జరుగునని చెప్పుట మోసము. అనుభవముగల కేంద్రములలో లేజరుచికిత్స పొందిన తల్లులలో పదింట సుమారు ఎనిమిది తొమ్మిదిమందికి ఒకబిడ్డయైనను దక్కుచున్నది. ఇద్దరును దక్కునది సుమారు ఆరేడుగురికే. సంచి ముందుగా పగులవచ్చును, నెలలు నిండకయే పురుడు రావచ్చును, బ్రతికిన బిడ్డలలో కొందరికి మెదడు ఎదుగుదలలో లోపములుండవచ్చును. చికిత్స చాలవరకు 16వ వారమునకును 26వ వారమునకును నడుమ జరుగవలసినది. ఆ కాలము దాటినచో దారులు తగ్గును.

ఊరికి వచ్చిన పదిదినములకు పెద్దమ్మ యొద్దకు బోయితిని. కాగితముమీద మావిని గీసి, రెండు బొడ్డుత్రాళ్ళు గీసి, నడుమ గండిని గీసి చూపితిని. ఆమె కండ్లద్దములు తెప్పించుకొని చాలసేపు చూచినది. “అయితే పండు కాదన్నమాట” అన్నది. కాదంటిని. “మీ పెదనాన్న ఉండగా ఈ మాట ఎవరైనా చెబితే బాగుండేది” అని, ఆ కాగితమును మడిచి భాగవతములో బెట్టుకొన్నది. అరటిపండు మాత్రము ఇప్పటికిని తినలేదు. యాభై యేండ్ల అలవాటు.

సోదరీమణులు మా మరదలి కథ మరచినను నొక్కమాట మరువకుందురుగాక. ఇంట నెవరికైన కవలలని తెలిసినప్పుడు, “మావులు రెండా, ఒకటా?” యని వెంటనే యడుగవలయును. ఇది 11వ వారమునకును 14వ వారమునకును నడుమ చేయు స్కానింగులో బాగుగా తెలియును. నెలలు ముదిరినకొలది తెలియుట కష్టమగును. మనదేశమున 1994 నాటి చట్టప్రకారము ఆడో మగో యడుగుట నేరము, చెప్పుట నేరము. కాని మావి సంగతి యడుగుట తల్లి హక్కు. ఒక్కటే మావియైనచో 16వ వారమునుండి రెండువారముల కొకసారి స్కానింగు చేయింపవలయును. వేవిళ్ళు తగ్గినవి, బాగుగనే యున్నదిగదా యని మానరాదు. నడుమ పొట్ట తటాలున పెరిగి బిగిసినను, ఆయాసము వచ్చినను మరునాటికి వాయిదా వేయక వైద్యుల యొద్దకు గొనిపోవలయును. ఈ లేజరుచికిత్స మన హైదరాబాదులోను, చెన్నపట్టణములోను గూడ కొన్ని వైద్యశాలలలో జరుగుచున్నది.

ఇంక అత్తగారలకును, ఆడుబిడ్డలకును నొక విన్నపము. కవలలగర్భము చెడినచో తల్లి తిన్నదానిని, త్రొక్కినదానిని తవ్వి తీయకుడు. ఆమె ముందే లోలోపల దానినే తవ్వుకొనుచుండును. ఆమె దోషమేమియు లేదని యింటిలో నెవరైన నొకరు మొదటిదినముననే, అందరు వినుచుండగా చెప్పవలయును.